పటంలో మన వాడ ఎక్కడ?

అక్టోబరు వచ్చిందంటే గంజాం తీరంలోని మన మత్స్యకార వాడలు రెండు లెక్కలు చూసుకుంటాయి. ఈ ఏడు తుపాను మన మీదికి వస్తుందా అన్నది ఒకటి. నవంబరు ఒకటో తేదీకి ఇంకెన్ని రోజులున్నాయి అన్నది రెండోది. ఆ రోజు నుంచి ఋషికుల్య మొగ దగ్గర తాబేళ్ల కోసం వేట నిషేధం మొదలవుతుంది. ఇక ఇంటి పట్టా సంగతి ఏడాది పొడుగునా ఉండేదే.

తుపాను, తాబేలు, ఇల్లు. మూడింటికీ మూడు ఆఫీసులు, మూడు పటాలు. భూమి మాత్రం ఒకటే. సముద్రానికీ సరుగుడు తోటలకీ మధ్యనున్న ఇసుక పట్టీ. ఆ పటాలు ఏం చెబుతున్నాయి, అవి ఒకదానితో ఒకటి ఎక్కడ కలవడం లేదు, మన వాళ్ళు ఏ దశలో నోరు విప్పాలి అన్నవి ఈ వ్యాసంలో వీలైనంత విడమరిచి చెబుతాను.

ఊళ్ళు కదలలేదు, సరిహద్దు కదిలింది

కొత్త పాఠకుల కోసం రెండు ముక్కలు. ఋషికుల్య మొగ దగ్గరి పొడంపేట నుంచి గోపాల్‌పూర్ మీదుగా ఆంధ్ర సరిహద్దు దగ్గరి సోనాపూర్ వరకు తీరం వెంట ఉన్న పల్లెల్లో చాలావాటిలో ఇంటి భాష తెలుగు. పూరీలోని పెంఠకటా వాడదీ అదే కథ. ఒడియా వారు మన వాళ్ళను నోలియాలు అంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అంటే ఈ ఊళ్ళు ఎక్కడి నుంచో వలస వచ్చినవి కావు. ఉన్నచోటే ఉన్నాయి, రాష్ట్రం మారింది. వియ్యాలు నేటికీ శ్రీకాకుళం జిల్లా పల్లెలతో నడుస్తూనే ఉన్నాయి.

మొదటి గీత: పోటు గీత

1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం 1991 ఫిబ్రవరిలో మొదటిసారి తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ఇచ్చింది. అందరూ సీఆర్‌జెడ్ అనేది దీన్నే. 2011లో దాన్ని తిరగరాశారు, 2019 జనవరి 18న మళ్ళీ తిరగరాశారు. సారాంశం ఏమిటంటే, సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నీరు ఎంతవరకు వస్తుందో అక్కడ ఒక గీత గీస్తారు. అక్కడి నుంచి లోపలికి 500 మీటర్ల మేర నేలను రకాలుగా విడదీస్తారు. తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు, ఇసుక దిబ్బలు, మడ అడవులు మొదటి రకం. అక్కడ దాదాపు ఏ నిర్మాణమూ కుదరదు. పట్టణాలు రెండో రకం. మన పల్లెల వంటివి మూడో రకం.

ఈ మూడో రకాన్ని 2019లో రెండు ముక్కలు చేశారు. 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉన్న చోట పోటు గీత నుంచి 50 మీటర్లు నిర్మాణ నిషేధ ప్రాంతం. అంతకు తక్కువ ఉన్న చోట 200 మీటర్లు.

మన వాడల్లో గోడకు గోడ ఆనుకుని ఇళ్ళుంటాయి. వాడ ఒక్కదాన్నే కొలిస్తే 2,161 దాటడం పెద్ద విషయం కాదు. అదే వాడను దాని రెవెన్యూ గ్రామంలో కలిపి, చుట్టూ ఉన్న సరుగుడు తోటలు, మొగలి పొదలు, పొలాలు అన్నీ చేర్చి కొలిస్తే జనసాంద్రత పడిపోతుంది. అప్పుడు 50 మీటర్లు కాస్తా 200 మీటర్లవుతుంది. ఆ 150 మీటర్ల తేడాలో ఒక్కోచోట వాడ మొత్తం పడుతుంది. నిషేధ ప్రాంతంలో ఇప్పటికే అనుమతితో ఉన్న కట్టడాన్ని బాగు చేసుకోవచ్చు. తాతల నాటి గుడిసెకు పట్టా లేకపోతే అది అనుమతి ఉన్న కట్టడమని చూపించడం ఎలా? చిక్కు అక్కడ ఉంది.

రెండో గీత: తాబేలు

ఋషికుల్య మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు సామూహికంగా గుడ్లు పెడతాయని 1994లో బయటి ప్రపంచానికి తెలిసింది. మన వాళ్ళకు అంతకుముందే తెలుసు. 2025 ఫిబ్రవరిలో ఈ ఒక్క తీరానికే దాదాపు ఏడు లక్షల తాబేళ్లు వచ్చినట్టు లెక్క తేలింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూలు జీవి. ఆ చట్టం ఇచ్చే అత్యున్నత రక్షణ అదే.

గహీర్‌మథాలాగా ఋషికుల్య ప్రకటిత అభయారణ్యం కాదు. ఇక్కడి రక్షణ ఎక్కువగా వేట నిషేధం మీదే నడుస్తోంది. ధామ్రా, దేవి, ఋషికుల్య మొగల దగ్గర ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు నిషేధం. దానికి తోడు చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరం మొత్తానికీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధం ఉంది. మోటారు లేని సంప్రదాయ పడవలకు దాని నుంచి మినహాయింపు. కానీ నేడు మోటారు బిగించని పడవ ఎన్ని ఇళ్ళలో ఉంది? రెండు నిషేధాలనూ కలిపి లెక్క వేస్తే నవంబరు 1 నుంచి జూన్ 14 వరకు 226 రోజులు. ఏడాదిలో ఏడున్నర నెలలు. ఆ దినాలకు ఇచ్చే భృతి ఇల్లు గడవడానికి చాలదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మన వాళ్ళు తాబేలుకు శత్రువులు కారు. శ్రీకూర్మం మన పక్క జిల్లాలోనే ఉంది. కూర్మావతారాన్ని కొలిచే చేతులు తాబేలును చంపవు, వలలో పడితే కోసి వదిలేస్తాయి. పొడంపేట, పురునాబంధ, గోఖర్‌కుడా పల్లెల కుర్రాళ్ళు రాత్రుళ్ళు కాపలా ఉండి గుడ్లను నక్కల నుంచి, కుక్కల నుంచి కాపాడుతున్నారు. అటవీ శాఖ వారు కూడా వాళ్ళ సాయం తీసుకుంటారు. తాబేలుకు పెద్ద ప్రమాదం తీరం దగ్గరికి వచ్చి వలలు ఈడ్చే ట్రాలర్లతో. అయినా నిషేధపు పటంలో ట్రాలర్‌కూ చిన్న మోటారు పడవకూ గీత ఒకటే.

మూడో గీత: తుపాను

ప్రణాళిక అంటే కాగితాల పని అని కొట్టిపారేసే వాళ్ళకు ఈ తీరమే జవాబు. 1999 అక్టోబరు 29న పారాదీప్ దగ్గర తీరం దాటిన మహా తుపానులో దాదాపు పది వేల మంది పోయారు. అదే నెల మధ్యలో గోపాల్‌పూర్ దగ్గర మరో తుపాను కొట్టింది. ఆ ఏడాదే ఒడిశా విపత్తు నిర్వహణ సంస్థ ఏర్పడింది. ఆ తర్వాత ఆశ్రయ భవనాలు కట్టారు, హెచ్చరికల ఏర్పాటు చేశారు, ఏ ఊరు ఏ భవనానికి వెళ్ళాలో ముందే రాసి పెట్టారు. 2013 అక్టోబరు 12న పైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలితో వచ్చింది. దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. ఇళ్ళు పోయాయి, పడవలు పోయాయి, పంట పోయింది. కానీ ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. వేల నుంచి పదులకు. పద్నాలుగేళ్ళ ప్రణాళిక ఫలం అది.

ఇంకో మంచి ఉదాహరణ మన వాడే. 2020 ఆగస్టులో గంజాం జిల్లాలోని వెంకట్రాయిపూర్, జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని నోలియాసాహి గ్రామాలను సునామీకి సిద్ధంగా ఉన్న గ్రామాలుగా యునెస్కో సముద్ర శాస్త్ర సంఘం గుర్తించింది. హిందూ మహాసముద్ర ప్రాంతంలో ఈ గుర్తింపు మొదట పొందినది భారతదేశమే. హైదరాబాదులోని ఇన్‌కాయిస్, అంటే సునామీ హెచ్చరికలు ఇచ్చే జాతీయ కేంద్రం, ఈ పనిలో తోడుగా నిలిచింది. ఆ గుర్తింపు రావాలంటే ఊరి ముంపు పటం, తప్పించుకునే దారుల పటం ఊరి వాళ్ళతో కలిసి తయారు చేయాలి, అందరికీ కనిపించేలా పెట్టాలి, ఊరంతా కలిసి కసరత్తు చేయాలి. పెద్ద చదువు లేని ముసలమ్మకు కూడా తన దారి ఏదో తెలియాలి. పటం మనతో కలిసి గీస్తే అది మనకు పనికొస్తుంది అనడానికి దీనికన్నా రుజువు అక్కర్లేదు.

మూడు గీతలు ఎక్కడ కలవడం లేదు

2011 నోటిఫికేషన్‌లో విపత్తు గీత అని ఇంకొకటి ఉంది. తీరం ఎంత కోసుకుపోతోంది, అలలు, పోటు ఎంత, సముద్ర మట్టం ఎంత పెరగవచ్చు అని లెక్కగట్టి సర్వే ఆఫ్ ఇండియా గీసిన గీత అది. 2019లో దాన్ని నిర్మాణ నిబంధనల నుంచి విడదీసి విపత్తు నిర్వహణకు మాత్రమే ఉంచారు. ఫలితం ఏమిటి? ఒక పటం ఇక్కడ ఇల్లు కట్టుకోవచ్చు అంటుంది. ఇంకో పటం ఇక్కడికి సముద్రం వస్తుంది అంటుంది. మన ఇంటాయన చేతికి వచ్చేది మొదటిది. రెండోది ఏ బీరువాలో ఉందో ఎవరికీ తెలియదు.

పొడంపేట సంగతి తీరంలో అందరికీ తెలిసిందే. మొగ కదిలింది, తీరం కోసుకుపోయింది, ఇళ్ళు వరుస వెనుక వరుస సముద్రంలో కలిశాయి. ఊరు లోపలికి జరగవలసి వచ్చింది. రామయ్యపట్నం వాళ్ళు కూడా అదే భయంతో బతుకుతున్నారు. పైలిన్ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో గంజాం, ఖుర్దా జిల్లాల్లో వేల కుటుంబాలకు పక్కా ఇళ్ళు కట్టారు. గాలికి పడిపోని ఇల్లు దక్కింది, కాదనలేం. కానీ కొత్త కాలనీకి పోయిన వారి కష్టం వేరు. వేటగాడికి ఇంటి నుంచి సముద్రం కనిపించాలి. పడవ, వల కళ్ళ ముందుండాలి. చేపలు ఎండబెట్టడానికి ఆడవాళ్ళకు ఇసుక నేల కావాలి. ఈ మూడూ కాలనీ పటంలో లేకపోతే మగవాళ్ళు పాత వాడలోనే గుడిసె వేసుకుంటారు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు ఇంటి లెక్కలో ఉన్న మనిషి ఇంట్లో ఉండడు.

ఒక్కో గీతకు ఒక్కో న్యాయం ఉంది. తాబేలు బతకాలి, ఇల్లు నిలవాలి, మనిషి ప్రాణం దక్కాలి. కష్టం ఎక్కడంటే ఈ మూడు గీతలూ పడే నేల మీద మనుషులు ఎలా బతుకుతారో ఒకే కాగితం మీద ఎవరూ చూపించకపోవడం.

ఆశ్చర్యం ఏమిటంటే అలా చూపించాలని నోటిఫికేషన్‌లోనే ఉంది. మత్స్యకార గ్రామాలు, వాళ్ళ ఉమ్మడి స్థలాలు, చేపలు ఎండబెట్టే వేదికలు, జెట్టీలు, మంచు కర్మాగారాలు, బడి, ఆసుపత్రి, దారి, అన్నీ గ్రామ నక్షా స్థాయి పటంలో గుర్తించాలి. మత్స్యకారుల దీర్ఘకాల ఇళ్ళ అవసరాలకు ప్రణాళిక తయారు చేయాలి.

స్థాయి అనే మాట ముఖ్యం. రాష్ట్ర స్థాయి తీర ప్రణాళిక పటం 1:25,000 కొలతలో ఉంటుంది. అందులో ఒక సెంటీమీటరు అంటే నేల మీద 250 మీటర్లు. వంద మీటర్ల వెడల్పున్న మన వాడ ఆ కాగితం మీద నాలుగు మిల్లీమీటర్లు. పెన్సిలు మొన కింద దాగిపోతుంది. గ్రామ నక్షా సుమారు 1:4,000 కొలత. అందులో అదే వాడ రెండున్నర సెంటీమీటర్లు. గుడి, బావి, వలలు ఆరబెట్టే చోటు విడివిడిగా కనిపిస్తాయి. కాబట్టి మనం చూడవలసింది, అడగవలసింది ఆ రెండో పటాన్ని.

అభ్యంతరాలు రాలేదు

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. గుమాస్తాగా పనిచేసిన రోజుల్లో నా చేత్తో ఎక్కువసార్లు రాసిన వాక్యాల్లో ఒకటి: “గడువులోగా అభ్యంతరాలేవీ రాలేదు.” ముసాయిదా నోటీసు బోర్డు మీద అంటిస్తాం. గడువు ఉంటుంది. ఎవరూ రారు. గడువు తీరిన మర్నాడు ఆ వాక్యం రాసి ఫైలు పైకి పంపుతాం. పై అధికారికి అందులో తప్పేమీ కనిపించదు. రాకపోవడం అంటే ఒప్పుకోవడమని లెక్క. నోటీసు చదవలేక రాలేదా, ఆ రోజు వేటకు పోయి రాలేదా అని ఫైలు అడగదు.

తీర ప్రణాళికకు కూడా ఇదే పద్ధతి. ముసాయిదాను బాగా ప్రచారం చేయాలి, సలహాలు అభ్యంతరాలు తీసుకోవాలి, జిల్లా స్థాయిలో బహిరంగ విచారణ జరపాలి. ఆమోదం పొందిన తర్వాత మామూలుగా అయిదేళ్ళదాకా మార్చరు. అంటే ఆ విచారణ నాడు మన వాడ నుంచి ఒక్కరూ లేకపోతే అయిదేళ్ళు నోరు మూసుకోవలసిందే.

ముసాయిదా దశలో గీత కదులుతుందా అని సందేహించే వారికి కర్ణాటక ఉదాహరణ. బన్నేరుఘట్ట జాతీయ ఉద్యానవనం చుట్టూ పర్యావరణ సున్నిత ప్రాంతం 2016 ముసాయిదాలో 268.96 చదరపు కిలోమీటర్లు. 2020 మార్చిలో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి అది 168.84కి తగ్గింది. అది ఏనుగులకు మంచి కాదని నా అభిప్రాయం. కానీ వంద చదరపు కిలోమీటర్లు ముసాయిదాకూ తుదికీ మధ్య కదిలాయన్నది వాస్తవం. గొంతున్న వాళ్ళకు గీత కదిలినప్పుడు, న్యాయమున్న మనకు ఎందుకు కదలదు?

భాష సంగతి

మన పెద్దల్లో ఒడియా బాగా మాట్లాడేవారే ఎక్కువ. చదివేవారు తక్కువ. పిల్లలు ఒడియా బడుల్లో చదివారు, వాళ్ళకు ఇబ్బంది లేదు. అలాంటప్పుడు తెలుగు నోటీసు దేనికి అని మన వాళ్ళే కొందరు అంటారు. జవాబు ఇది: పాత తీరం ఎక్కడుండేది, మొగ ఏ ఏడు ఎటు తిరిగింది, పూర్వం ఏ దిబ్బ మీద తాబేళ్లు ఎక్కేవి అన్నది పిల్లలకు తెలియదు. డెబ్బయ్యేళ్ళ తాతకు తెలుసు. ఆయన నోటి నుంచి వచ్చే సమాచారం ఏ ఉపగ్రహం దగ్గరా లేదు. ఆయనకు అర్థమయ్యే భాషలో అడగకపోతే నష్టం ఆయనకే కాదు, పటానికి కూడా. ఇందులో ఒడియా మీద పోట్లాట ఏమీ లేదు.

దీనికి రెండు ఆధారాలున్నాయి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఏ పౌరుడైనా తన కష్టాన్ని గురించి అధికారికి కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చు. కాబట్టి అభ్యంతరం తెలుగులో రాసి ఇవ్వవచ్చు, తెలుగు అన్న కారణంతో తిప్పి పంపకూడదు. రెండోది, భాషా అల్పసంఖ్యాకుల రక్షణల కింద జిల్లాలో గానీ, జిల్లాకు దిగువ స్థాయిలో గానీ ఒక భాష వారు 15 శాతం లేదా అంతకు మించి ఉంటే ముఖ్యమైన నిబంధనలు, నోటీసులు ఆ భాషలో కూడా ప్రచురించాలి. జిల్లా మొత్తం మీద 15 శాతం రాదు అని చేతులు దులుపుకునే అవకాశం ఉంది. అందుకే తహసీలు లెక్క, పట్టణం లెక్క తీసి అడగాలి. నిబంధనలో దిగువ స్థాయి అన్న మాట ఉన్నది అందుకే.

ఏం చేయాలి

ముసాయిదా వచ్చాక పరుగెత్తితే ఆలస్యమవుతుంది. ముందే చేసి పెట్టుకోదగ్గ పనులు ఇవి.

తహసీలు ఆఫీసులో గ్రామ నక్షా నకలు తీసుకుని దాని మీద వాడ పెద్దలను కూర్చోబెట్టి గుర్తులు పెట్టించాలి: ఇళ్ళు, గుడి, బావి, పడవలు నిలిపే చోటు, చేపలు ఎండబెట్టే నేల, సముద్రానికి పోయే దారి, తాబేళ్లు ఎక్కే తీరం, సముద్రం మింగిన పాత వరుసలు. పల్లి సభలో ఆ నక్షాను చదివి, తీర్మానం చేసి, సంతకాలు, వేలిముద్రలు వేయించాలి. అధికారులకు ఇచ్చేటప్పుడు రెండు ప్రతులు తీసుకువెళ్ళి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. ముద్ర లేని కాగితం ఇవ్వని కాగితంతో సమానం. పట్టా లేని ఇళ్ళ జాబితా వేరుగా తయారు చేసి, ఆ ఇంట్లో ఎప్పటినుంచి ఉంటున్నారో చూపే రేషను కార్డు, ఓటరు జాబితా, కరెంటు బిల్లు జత చేయాలి. విపత్తు గీత మన ఊళ్ళో ఎక్కడ పడిందో సమాచార హక్కు చట్టం కింద అడగాలి. చదువుకున్న మన పిల్లలకు ఇది ఒక ఆదివారం పని. తెలుగు సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి సభలు పెడుతున్నాయి, సంతోషం. అందులో ఒక పూట దీనికి కేటాయించమని మనవి.

తీరానికి దూరంగా ఉన్న పాఠకులు ఇది మన సంగతి కాదనుకోవద్దు. హోసూరు వైపు కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లో 686 చదరపు కిలోమీటర్ల కావేరి దక్షిణ అభయారణ్యాన్ని 2022 నవంబరులో ప్రకటించారు. అభయారణ్యం చుట్టూ సున్నిత ప్రాంతానికి ముసాయిదా గెజిట్‌లో వస్తే అభ్యంతరాలకు 60 రోజులు. సిరొంచలో మేడిగడ్డ బ్యారేజీ వెనుక ముంపు, యానాంలో 2022 జూలై గోదావరి వరద, అన్నీ ఎవరో గీసిన గీతకు ఇవతల ఉన్నామా అవతల ఉన్నామా అన్న ప్రశ్నలే.

పైలిన్ నాడు ప్రాణాలు దక్కాయంటే, ఆ పటంలో మన ఊరి పేరు, దాని ఎదుట ఆశ్రయ భవనం పేరు రాసి ఉన్నందువల్లే. ఇల్లు, వేట, తాబేలు సంగతిలోనూ మన వాడ పేరు సరైన చోట రాసి ఉండాలి. ఈసారి ముసాయిదా వచ్చినప్పుడు “అభ్యంతరాలేవీ రాలేదు” అని రాసే అవకాశం ఏ గుమాస్తాకూ ఇవ్వకండి.